గ్రానైట్ పొడి, మేడారం దుమ్ము, బోరు నీళ్ల ఉప్పు: గీతలు పడకుండా బండి కడగడానికి ఏ పద్ధతి మంచిది?

మా కారు నల్లది. నల్లది కొనకండి సార్ అని షోరూంలోనే ఒకాయన మెల్లగా చెప్పాడు, నేనే వినలేదు. కొన్న మూడో నెలలో మా అక్క కొడుకు డోర్ మీది దుమ్ములో వేలితో తన పేరు రాసి, పక్కన ఒక క్రికెట్ బ్యాటు కూడా గీశాడు. కడిగితే పోయేదే కదా అని నవ్వి ఊరుకున్నా. కడిగితే దుమ్ము పోయింది, పేరు పోలేదు. పొద్దున ఎండ ఏటవాలుగా పడినప్పుడు ఇప్పటికీ ఆ డోర్ మీద వాడి పేరు చదువుకోవచ్చు. వాడిప్పుడు ఇంటర్‌లో ఉన్నాడు.

ఆ రోజు నుంచి కారు కడగడం గురించి నాకు పట్టింపు ఎక్కువైంది. హనుమకొండలో దొరికే పద్ధతులన్నీ ఒకటి తర్వాత ఒకటి చేసి చూశాను, కొన్నింటికి డబ్బులు దండగ పెట్టాను కూడా. ఇప్పుడు ఎవరు ఏ పద్ధతి గురించి చెప్పినా నేను అడిగేవి రెండే. గుడ్డగానీ చెయ్యిగానీ మొదటిసారి రంగును తాకేసరికి దాని మీద ఎంత రవ్వ మిగిలి ఉంటుంది? చివరగా పోసే నీళ్లు ఏ నీళ్లు? ధర, నురగ, మెరుపు, అవన్నీ తర్వాత.

ముందు దుమ్ము గురించి, ఎందుకంటే అన్నీ ఒకటి కావు. కరీంనగర్ రోడ్డు మీద తిరిగేవాళ్లకు గ్రానైట్ పొడి తప్పదు, క్వారీలు, క్రషర్లు, బండరాళ్ల లారీలు, దాని మీద రోడ్డు వెడల్పు పనులు. అక్కడి టాన్ బ్రౌన్ రాయి ఓడలెక్కి దేశాలు తిరుగుతుంది, పొడి మాత్రం మన బానెట్ల మీదే ఉంటుంది. గ్రానైట్‌లో ఉండే క్వార్ట్జ్ గట్టిదనం మోస్ స్కేలు మీద 7, మామూలు కత్తి ఉక్కు దాదాపు అయిదున్నర. కారు రంగును కాపాడే పైపొర, అదే క్లియర్ కోట్, మామూలుగా 40 నుంచి 50 మైక్రాన్ల మందం, అంటే న్యూస్‌పేపర్ కాగితం కంటే పల్చన. దాని మీద కత్తి కంటే గట్టి రవ్వను పెట్టి గుడ్డతో అదిమితే ఏమవుతుందో ఊహించుకోండి.

ములుగు, తాడ్వాయి వైపు ఎర్రమట్టి. 2024 ఫిబ్రవరిలో మేడారం జాతరకు పోయి, బండిని పొలంలో పార్కింగ్ చేసి, దర్శనం చేసుకుని వచ్చేసరికి మా నల్ల కారు ఇటుక రంగుకు వచ్చింది, రెండు వరుసలు తిరిగి వెతికితే గానీ దొరకలేదు. ఎర్రమట్టి సన్నగా ఉంటుంది, నీళ్లు పడితే తొందరగానే నానుతుంది, కానీ మధ్యలో మొరం రవ్వ ఉంటుంది కాబట్టి నమ్మొద్దు. భూపాలపల్లి, రామగుండం వైపు బొగ్గు పొడి, బూడిద. బొగ్గు రాయంత గట్టిది కాదు గానీ కాస్త నూనె తగిలితే జిడ్డులా పట్టేస్తుంది, ఉత్త నీళ్లకు కదలదు, షాంపూ కావాలి. బసంత్‌నగర్ పక్కన సిమెంటు దుమ్ము పడితే మాత్రం మర్నాటి దాకా ఆగొద్దు, రాత్రి మంచు పడితే సిమెంటు తన పని తాను చేసుకుంటుంది.

మంచు అన్నాను కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. డిసెంబరు, జనవరి పొద్దున్నే కారు మీద తడి ఉంటుంది కదా, తడిగానే ఉంది, ఒకసారి తుడిస్తే శుభ్రం అయిపోతుంది అని చాలామంది తుడిచేస్తారు. నేనూ ఏడాదిపాటు అదే చేశాను. ఆ తడి దుమ్మును కడిగేంత ఉండదు, బురద చేసేంత మాత్రమే ఉంటుంది. అది గరుకు కాగితంతో రుద్దడమే, కాకపోతే చప్పుడు రాదు.

పొడి గుడ్డ, దులిపే బ్రష్

పెట్రోల్ బంకుల దగ్గర, సిగ్నళ్ల దగ్గర అమ్మే పొడవాటి కుచ్చుల డస్టర్ చాలా కార్లలో కనిపిస్తుంది. ఇంటి షెడ్డులో నిలబెట్టిన బండి మీద ఒక్కరోజు పల్చటి దుమ్ముకు, అదమకుండా గాలికి తాకించినట్టు జరిపితే పెద్ద నష్టం లేదు. కరీంనగర్ పోయి వచ్చిన బండికి మాత్రం వాడొద్దు. ఆ కుచ్చుల్లో చిక్కుకున్న రవ్వ అక్కడే ఉంటుంది, రేపు మళ్లీ అదే రవ్వతో తుడుస్తారు. పాత చీర ముక్క, పాత బనియన్ మెత్తగానే ఉంటాయి, కానీ సమస్య గుడ్డ మెత్తదనంలో లేదు, గుడ్డకూ రంగుకూ మధ్యలో ఉన్నదానిలో ఉంది. అద్దాలు తుడుచుకోండి, హ్యాండిళ్లు తుడుచుకోండి, బానెట్ జోలికి పోకండి.

అపార్ట్‌మెంట్‌లో రోజూ తుడిచేవాళ్లు

ఇది కొంచెం మొహమాటం వ్యవహారం. మా అపార్ట్‌మెంట్‌లో తుడిచే అతను మంచివాడు, పొద్దున అయిదింటికి వస్తాడు, ఒక్కరోజు నాగా పెట్టడు. కానీ ఒక బకెట్ నీళ్లు, ఒక గుడ్డ, పది కార్లు. ఏడో కారు దగ్గరికి వచ్చేసరికి ఆ బకెట్‌లో ముందున్న ఆరు కార్ల దుమ్ము ఉంటుంది, నాదేమో తొమ్మిదోది. అతన్ని అని లాభం లేదు, కారుకు అంతే సమయం, అంతే నీళ్లు, అంతే డబ్బు. నేను చేసిందేమిటంటే నెల డబ్బులు అట్లనే ఇస్తూ, తమ్మీ, రోజూ అద్దాలు, సైడ్ మిర్రర్లు మాత్రం తుడువు, బాడీ ముట్టుకోకు, ఆదివారం నేనే కడుగుతా అన్నాను. మొదట నా మీద కోపమొచ్చిందా సార్ అన్నాడు. డోర్ మీది పేరు చూపిస్తే అర్థమైంది. పని తగ్గింది కాబట్టి అతనికీ సంతోషమే. తెల్ల కారు, వెండి రంగు కారు ఉన్నవాళ్లకు ఇంత పట్టింపు అక్కర్లేదేమో, గీతలు వాటి మీద కూడా పడతాయి కానీ అంతగా కనిపించవు.

రెండు బకెట్లు, ఒక పైపు

నా ఓటు దీనికే, కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తాను.

మొదట ముట్టుకోకుండా నీళ్లు కొట్టాలి. పైనుంచి కిందికి, టాప్, అద్దాలు, బానెట్, డోర్లు, చివరికి చక్రాలు, చక్రాల పైన ఉండే లోపలి గూళ్లు. రెండు మూడు నిమిషాలు తడిపి ఆగి, మళ్లీ కొడితే సగానికి పైగా రవ్వ అక్కడే జారిపోతుంది. ఈ మెట్టు వదిలేసి మిగతావన్నీ ఎంత బాగా చేసినా లాభం లేదు. తర్వాత ఒక బకెట్‌లో కారు షాంపూ నీళ్లు, ఇంకో బకెట్‌లో ఉత్త నీళ్లు. మైక్రోఫైబర్ తొడుగు, అదే చేతికి వేసుకునే కుచ్చుల గ్లౌజు, షాంపూలో ముంచి ఒక భాగం కడిగి, ఉత్త నీళ్లలో జాడించి, పిండి, మళ్లీ షాంపూలో ముంచాలి. ఉత్త నీళ్ల బకెట్ అడుగున చేరిన ఇసుక ఒక్కసారి చూస్తే రెండో బకెట్ ఎందుకని ఇక అడగరు. గుండ్రంగా రుద్దకుండా నిలువుగానో అడ్డంగానో నెమ్మదిగా జరపాలి, గుండ్రంగా రుద్దితే పడే గీతలు ఎండలో సాలెగూడులా మెరుస్తాయి. డోర్ల కింది భాగం, వెనక బంపరు ఆఖరికి. చక్రాలకు వేరే గుడ్డ, అది పొరపాటున కూడా బాడీ మీదికి రాకూడదు. తొడుగు కిందపడితే బాగా జాడించాకే మళ్లీ వాడాలి, అనుమానం ఉంటే దాన్ని చక్రాల గుడ్డల్లో పడేయండి.

సర్ఫ్, గిన్నెల సబ్బు వద్దు. ఒక్కసారికి బండి కరిగిపోదు గానీ, అవి జిడ్డును లాగేయడానికి చేసినవి కాబట్టి ఉన్న వాక్స్‌ను కూడా లాగేస్తాయి. షాంపూ సీసా మీద పీహెచ్ న్యూట్రల్, అంటే పులుపూ కాదు క్షారమూ కాదు, అని ఉందో లేదో చూసుకోండి, ఒక సీసా నాకు ఏడాదికి పైగా వస్తుంది.

నీళ్ల లెక్క కూడా ఉంది. పైపు తెరిచి పెట్టి కడిగితే పది నిమిషాలకే వంద లీటర్లు దాటొచ్చు. తడపడానికి, ఆఖరున కడగడానికి మాత్రమే పైపు తెరిచి, మధ్యలో బకెట్లతో చేసుకుంటే చాలా మిగులుతుంది. ఎండాకాలం మా వీధిలో ట్యాంకర్ కోసం చూస్తున్నవాళ్ల ముందు కారు మీద నీళ్లు పారబోయడానికి మనసు కూడా రాదు.

ఇంటికి ప్రెషర్ వాషర్ కొనాలా

అయిదారు వేలకు దొరుకుతున్నాయి, నేనూ ఒకటి కొన్నాను. రవ్వను ముట్టుకోకుండా తీసేయడంలో పైపు కంటే ఇదే మేలు, నీళ్లు కూడా నిమిషానికి ఆరేడు లీటర్లు మించి తాగదు. సొంత ఇల్లు, గేటు లోపల కడిగే జాగా, రోజూ గ్రానైట్ రోడ్డు మీద తిరుగుడు, ఈ మూడూ ఉంటే కొనండి. అపార్ట్‌మెంట్‌లో ఉండి నెలకు రెండుసార్లు కడిగేవాళ్లు కొంటే అది బాల్కనీలో కూర్చుంటుంది, నాది అట్లనే ఏడాది కూర్చుని బావమరిది ఇంటికి పోయింది. వాడితే వెడల్పుగా చిమ్మే నాజిల్ పెట్టి అడుగున్నర దూరం నుంచి కొట్టండి. సూదిలా వచ్చే ధారను రంగు లేచిన చోట, స్టిక్కర్ అంచుల మీద, రేడియేటర్ రెక్కల మీద పెట్టొద్దు. బైకు అయితే చక్రాల బేరింగుల దగ్గర, చెయిన్ దగ్గర దూరం పాటించి, కడిగాక చెయిన్‌కు లూబ్ వేయండి.

వాటర్ సర్వీసింగ్

మేడారం నుంచి వచ్చాక, పొలం గట్ల మీద తిరిగి చక్రాల గూళ్లలో బురద గడ్డకట్టాక, బండిని పైకెత్తి కింద నీళ్లు కొట్టడం ఇంట్లో అయ్యే పని కాదు. దానికి సర్వీసింగ్ సెంటరే. నీళ్ల ధాటి బాగుంటుంది, నురగ బాగుంటుంది, ఆ తర్వాతే కష్టం మొదలవుతుంది, స్పంజీ. అదే స్పంజీ మన ముందు ట్రాక్టర్ ట్రాలీని రుద్ది ఉంటుంది, కింద సిమెంటు నేల మీద పడి ఉంటుంది, మళ్లీ మన బానెట్ ఎక్కుతుంది. ఒకసారి పరకాల రోడ్డులో ఒకచోట కడిగించి ఇంటికి తెచ్చాక సాయంత్రం ఎండలో చూస్తే టాప్ మొత్తం ఒకే వైపు తిరిగిన గీతలు, ఎవరో శ్రద్ధగా ముగ్గు వేసినట్టు.

ఇప్పుడు నేను నా తొడుగు, నా తువ్వాల సంచిలో పెట్టుకుని పోతాను. అన్నా, ముందు ఉత్త నీళ్లు కొట్టు, నురగ పెట్టి మూడు నాలుగు నిమిషాలు ఆగు, మళ్లీ నీళ్లు కొట్టు, స్పంజీ వద్దు, నా గుడ్డ ఉంది అంటాను. కొందరు విచిత్రంగా చూస్తారు. ఎక్కువమందికి పని తగ్గుతుంది కాబట్టి సరే అంటారు. ఆదివారం పదింటికి పోతే మాత్రం ఎవరూ వినరు, వెనక పన్నెండు బండ్లు నిలబడి ఉంటాయి, మంగళవారం మధ్యాహ్నం పోండి. ఇంకోటి, చివర్లో కింద డీజిల్ కొట్టమంటారా అని అడుగుతారు, కొన్నిచోట్ల అడగకుండానే కొడతారు. వద్దని ముందే చెప్పండి. చూడ్డానికి నల్లగా నిగనిగలాడుతుంది గానీ రబ్బరు బుష్‌లకు డీజిల్ మంచిది కాదు, పైగా ఆ తడికి రేపటి దుమ్మంతా అంటుకుంటుంది.

బ్రష్‌లు తిరిగే ఆటోమేటిక్ మెషిన్ల గురించి రెండు ముక్కలు చాలు. బ్రష్ పోగుల్లో ముందు బండి మట్టి ఉండొచ్చు, మనకు కనిపించదు. కొత్త బండికి వద్దు. పాత బండి, అప్పటికే గీతలున్న టాక్సీ బండి అయితే మీ ఇష్టం.

నీళ్లు తక్కువగా వాడే స్ప్రేలు

నీళ్లు లేకుండా అని అమ్మే స్ప్రే, ఒకే బకెట్‌లో ద్రావణం కలిపి గుడ్డలు మార్చుకుంటూ తుడిచే పద్ధతి, రెండూ వేరు. మొదటిది షెడ్డులో ఉండే బండికి, పల్చటి దుమ్ముకు పనికొస్తుంది. గ్రానైట్ పొడి మీద వాడితే పొడి గుడ్డకు అన్నయ్య అంతే. రెండోది నిజంగా బాగుంటుంది, మే నెలలో నేను అదే చేస్తాను, ఏడెనిమిది మైక్రోఫైబర్ గుడ్డలు ద్రావణంలో నానబెట్టి, ఒక్కో భాగానికి ఒక్కో గుడ్డ, మడత మార్చుకుంటూ తుడిచి, వాడిన గుడ్డ మళ్లీ బకెట్‌లో ముంచకుండా పక్కన పడేయడం. దానికీ ముందుగా ఒక చిన్న పంపు స్ప్రేయర్‌తో తడపాలి.

అమెరికా సలహాలు ఇక్కడ పనికొస్తాయా

మా ఇంకో బావమరిది అమెరికాలోని మిషిగన్‌లో ఉంటాడు. అక్కడ చలికాలం రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. డెట్రాయిట్ ఊరి కిందే, వెయ్యి అడుగులకు పైగా లోతులో ఉప్పు గని ఉంది, మన సింగరేణి బొగ్గు లాగా అక్కడ రోడ్లకు ఉప్పు తవ్వుతారు. నీటిలో ఉప్పు కలిస్తే గడ్డకట్టే స్థాయి కిందికి దిగుతుంది, చలి మైనస్ 9 డిగ్రీలు దాటాక మామూలు ఉప్పు పెద్దగా పనిచేయదు కాబట్టి కాల్షియం క్లోరైడ్ లాంటివి వాడతారు. వాడు పంపే వీడియోల్లో ఎప్పుడూ బండి అడుగు భాగం కడగడం గురించే ఉంటుంది. కారణం ఉంది. అక్కడి ఉప్పు నీళ్లలో కరిగిపోతుంది, దానికదే రంగును పెద్దగా గీయదు, గీసేది దానితో కలిసి ఉండే ఇసుక. ఉప్పు చేసే అసలు నష్టం ఇనుముకు తుప్పు. అందుకే వాళ్లు ముట్టుకోని వాష్‌లో, సున్నా కంటే వేడిగా ఉన్న రోజు చూసుకుని, అడుగు భాగం ముఖ్యంగా కడిగిస్తారు.

మన లెక్క తిరగబడింది. మన గ్రానైట్ పొడి ఎన్ని నీళ్లు పోసినా కరగదు, జారి కిందపడాలి అంతే. అడుగు భాగానికి తుప్పు భయం మనకు తక్కువ, బురద గడ్డలు తేమ పట్టి ఉంచకుండా చూసుకుంటే చాలు. సూర్యలంక, విశాఖ బీచులకు పోయి తడి ఇసుక మీద బండి తిప్పి వచ్చినవాళ్లు మాత్రం మిషిగన్ పద్ధతి పాటించాలి, ఇంటికి రాగానే అడుగు కడిగించాలి. ముట్టుకోకముందు రవ్వను దించడం మాత్రం రెండు చోట్లా ఒకటే. మనకు ఉప్పు రోడ్డు మీద లేదు, బోరులో ఉంది.

బోరు నీళ్లు

ఇది చాలామంది పట్టించుకోని సంగతి. హీటర్ రాడ్డుకు, గీజర్ లోపల తెల్లగా గారలాగా పడుతుంది కదా, అదే కాల్షియం, మెగ్నీషియం, కారు మీద కూడా అదే పడుతుంది. తాగే నీళ్లకు మన బీఐఎస్, అంటే దేశ ప్రమాణాల సంస్థ, లెక్క ప్రకారం కాఠిన్యం, అంటే ఈ రెండింటి మోతాదు, లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 600 వరకు సరే. మా బోరు నీళ్లలో టీడీఎస్, అంటే నీళ్లలో కరిగి ఉన్న ఉప్పులన్నీ కలిపి చూపే మీటరు పెడితే 900 దాటింది, నల్లా నీళ్లలో 250 కూడా రాలేదు. టీడీఎస్, కాఠిన్యం ఒకటి కాదు, కానీ ఏ నీళ్లు మరక పెడతాయో అంచనాకు చాలు. మీటరు పెన్ను రెండు మూడు వందలకే దొరుకుతుంది.

ఎండలో కడిగితే నీటి చుక్క అక్కడికక్కడే ఆరిపోయి ఉప్పు గుండ్రంగా మిగులుతుంది. అది మళ్లీ నీళ్లు పోస్తే పోదు. పోలేదని జనం గట్టిగా రుద్దుతారు, అట్లా ఉప్పు మరక కాస్తా గీత అవుతుంది. అందుకే పొద్దున ఏడు లోపు లేదా సాయంత్రం నీడలో, బానెట్ చల్లగా ఉన్నప్పుడే కడగండి. కడగడమంతా బోరు నీళ్లతో చేసినా ఫర్వాలేదు, ఆఖరి రెండు బకెట్లు మాత్రం నల్లా నీళ్లు పోయండి. నల్లా రాని రోజైతే వీధి చివరి ప్లాంటు నుంచి తెచ్చిన ఆర్వో క్యాన్ నీళ్లు. ఎండాకాలం అయితే ఇంకా మంచిది ఉంది, ఏసీ పైపు నుంచి కారే నీళ్లు. అవి గాలిలోని తేమ చల్లబడి వచ్చినవి, ఉప్పు దాదాపు ఉండదు. రాత్రంతా బకెట్ పెడితే నిండుతుంది, దుమ్ము ఉంటుంది కాబట్టి పల్చటి గుడ్డలో వడగట్టి పోయండి. ఇది కనిపెట్టిన రోజు నేను ఇంట్లో అందరికీ చెప్పాను, ఎవరూ పెద్దగా స్పందించలేదు.

ఇప్పటికే మరకలు పడి ఉంటే తెల్ల వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి, గుడ్డను తడిపి మరక మీద ఒకటి రెండు నిమిషాలు పరిచి, ఎండకముందే తీసి బాగా కడిగేయండి. మొదట ఒక మూల చిన్న చోట చేసి చూసుకోండి. తాజా మరకలు పోతాయి. నెలల తరబడి ఎండలో కాలిన మరకలు పైపొరను తినేసి ఉంటాయి, వాటికి పాలిష్ ఒక్కటే దారి, పాలిష్ అంటే ఆ పల్చటి పొరను ఇంకాస్త అరగదీయడమే కాబట్టి ఏటా చేయించేది కాదు. చింతపండు, నిమ్మకాయ చెక్కతో రుద్దమని చెప్పేవాళ్లున్నారు, ఇత్తడి చెంబుకు చేసుకోండి.

నేను ఇప్పుడు చేసేది ఇది. మామూలు వారానికి రెండు బకెట్లు. కరీంనగర్ పోయి వచ్చిన రోజు కడిగే ఓపిక లేకపోతే అస్సలు ముట్టుకోను, ముందు అద్దం మీద వాషర్ నీళ్లు కొట్టి వైపర్ తిప్పుకుంటాను, అంతే. జాతరకు, దూర ప్రయాణాలకు, వానాకాలం బురదకు సర్వీసింగ్ సెంటర్, నా తొడుగుతో. నీళ్ల కరువు నెలల్లో ఒక బకెట్, ఎనిమిది గుడ్డలు. మూడు నెలలకోసారి వాక్స్, అది ఉంటే దుమ్మూ నీళ్లూ తొందరగా జారుతాయి. ఒక్కటే కొనగలిగితే మంచి ఆరబెట్టే తువ్వాల కొనండి, మందంగా, 800 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకు 800 గ్రాముల పైన బరువున్నది. దాన్ని రుద్దకుండా బానెట్ మీద పరిచి మెల్లగా లాగితే నీళ్లన్నీ పీల్చుకుంటుంది.

ఆ తువ్వాలలను ఇంటి బట్టలతో కలిపి మెషిన్‌లో వేయకండి, కంఫర్ట్ లాంటి సాఫ్టెనర్ పోయకండి, పీల్చుకునే గుణం పోతుంది. నేను మొదటిది అట్లనే పాడు చేశాను. రెండోదాన్ని మా ఆవిడ వంటింటి గట్టు తుడవడానికి తీసుకుంది, మూడోది ఇప్పుడు డిక్కీలో దాచి పెట్టుకుంటున్నాను.